ఒంటి వాసన: అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు, మొహమాటం లేని జవాబులు

రోహిణి కార్తెలో నెల్లూరు బస్టాండులో పది నిమిషాలు నిలబడినవాళ్ళకి ఇదంతా ఎందుకు రాస్తున్నానో వేరే చెప్పక్కర్లేదు. నేను జువాలజీ పాఠాలు చెప్పే మనిషిని. క్లాసులో ఈ విషయం మీద ఎవరూ నోరు తెరవరు, కానీ బయట వరండాలో, పెళ్ళి భోజనాల దగ్గర, వాట్సాప్‌లో మాత్రం ఇవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తాయి. ప్రతిసారీ టైపు చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టాను. ప్రశ్నలు జనం అడిగినట్టే ఉంచాను, కాస్త మర్యాదగా మార్చి.

పొలంలో రోజంతా చెమటోడ్చిన మనిషి కన్నా ఏసీ ఆఫీసులో కూర్చున్నాయన దగ్గర ఎక్కువ కంపేంది?

అప్పుడే కారిన చెమటకు దాదాపు వాసనే ఉండదు కాబట్టి. మన ఒంటి మీద రెండు రకాల చెమట గ్రంథులున్నాయి. మొదటి రకం ఒళ్ళంతా ఉంటాయి, ఇరవై నుంచి నలభై లక్షల దాకా. ఒళ్ళు చల్లబరచడం వాటి పని, వాటి నుంచి వచ్చేది ఇంచుమించు ఉప్పునీళ్ళే. రెండో రకం చంకల్లో, గజ్జల్లో, ఇంకొన్ని చోట్ల మాత్రమే ఉంటాయి, అవి కూడా యుక్తవయసు హార్మోన్లు మొదలయ్యాకే పనిలోకి దిగుతాయి (చిన్నపిల్లలు ఎండలో ఎంతసేపు ఆడొచ్చినా చంక కంపు కొట్టనిది ఇందుకే). ఈ రెండో రకం చెమటలో కొవ్వులు, ప్రోటీన్ల లాంటివి ఉంటాయి. అది కూడా బయటికొచ్చేటప్పుడు వాసన లేనిదే. చంకలో కాపురం పెట్టిన బ్యాక్టీరియా దాన్ని తిని, విడగొట్టి, వదిలిపెట్టేదే మనకు తగిలే కంపు. అందులో గంధకం కలిసిన కొన్ని పదార్థాలు ఎంత ఘాటైనవంటే అతి కొద్ది మోతాదు గాలిలో కలిసినా ముక్కు పట్టేస్తుంది. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో స్టెఫైలోకాకస్ హోమినిస్ అనే బ్యాక్టీరియాలో ఈ పని చేసే ఎంజైమును పట్టుకున్నారు. మనిషి జాతి పుట్టకముందు నుంచే ఆ ఎంజైము ఉందట, అంటే చంక కంపు మనకన్నా పాతది.

కాబట్టి చెమట ఎంత కారిందన్నది పెద్ద లెక్క కాదు, ఎంతసేపు నిలవుంది, ఏ గుడ్డలో నిలవుంది అన్నది చూడాలి. పొలం మనిషికి ఒంటికి గాలి తగులుతుంది, కట్టింది నూలు బట్ట, సాయంత్రం బోరు కింద తలారా స్నానం. ఆఫీసాయన పొద్దున ఎనిమిదింటికి వేసుకున్న పాలిస్టర్ చొక్కా రాత్రి తొమ్మిదికి విప్పుతాడు. బెల్జియంలో కొందరి చేత గంటసేపు సైకిలు తొక్కించి, వాళ్ళ చొక్కాలను మరునాడు వాసన చూపిస్తే నూలు కన్నా పాలిస్టర్ బాగా కంపు కొట్టింది. కంపు పుట్టించే కొన్ని బ్యాక్టీరియా పాలిస్టర్ మీదే ఎక్కువ పెరుగుతాయని 2014లో తేల్చారు. స్కూలు యూనిఫారాలు కుట్టించేవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుణ్ణు.

ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని, అన్నకు విపరీతంగా వస్తుంది, చెల్లెలికి అసలు రాదు. ఎట్లా?

హార్మోన్లు, గ్రంథుల సైజు, చంకలో ఏ రకం బ్యాక్టీరియా స్థిరపడిందన్నది, ఇవన్నీ మనిషి మనిషికీ మారతాయి. వీటిలో తమాషా అయినది ఏబీసీసీ11 అనే జన్యువు. అందులో ఒక్క అక్షరం మారితే చెవిలో గులిమి జిగటగా కాకుండా పొడిగా, పొట్టు రాలినట్టు వస్తుంది, దాంతోపాటు చంక వాసన కూడా బాగా తగ్గిపోతుంది. గులిమి సంగతి 2006లో జపాన్ వాళ్ళు తేల్చారు. కొరియా, చైనా, జపాన్ దేశాల్లో ఎక్కువమందికి ఈ మార్పు ఉంటుంది, అందుకే అక్కడ చాలామందికి డియోడరెంట్ అవసరమే పడదు.

ఇంగ్లండులో బ్రిస్టల్ ప్రాంతపు తల్లుల మీద జరిగిన ఒక పరిశోధనలో, ఈ మార్పు ఉన్న, అంటే ఒంటి వాసన రాని ఆడవాళ్ళలో కూడా నాలుగింట మూడొంతుల పైన డియోడరెంట్ వాడుతున్నారని 2013లో బయటపడింది. రాని కంపుకు మందు! వ్యాపారం ఎట్లా నడుస్తుందో ఇక మీరే ఊహించుకోండి.

నా వాసన నాకు తెలియదెందుకు?

ముక్కు కొత్త కబురు మాత్రమే చెబుతుంది. ఒకే వాసన ఆగకుండా వస్తుంటే కొన్ని నిమిషాల్లో దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. టంగుటూరు, కొండపి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేసేవాళ్ళని అడగండి, ఆ ఘాటు వాళ్ళకు తెలియనే తెలియదు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు మాత్రం తుమ్మి చస్తారు. చంక దగ్గర ముక్కు పెట్టుకుని పరీక్ష చేసుకోవడం వల్ల పెద్దగా లాభం లేదు. విప్పిన చొక్కా గదిలో పెట్టి, కాసేపు బయట తిరిగొచ్చి అప్పుడు వాసన చూడండి, లేదా నిజం చెప్పే అక్కనో తమ్ముణ్ణో అడగండి.

ఇంటర్వ్యూ రోజు చెమట వేరే వాసన వస్తుంది. నిజమా, నా భ్రమా?

నిజమే. ఎండకు పట్టే చెమట ఎక్కువగా మొదటి రకం గ్రంథులది. టెన్షన్ పడితే చంకల్లోని రెండో రకం గ్రంథులు కూడా ఒక్కసారిగా వదులుతాయి, బ్యాక్టీరియాకు విందు. 2022లో బెల్‌ఫాస్ట్‌లో మనుషుల చేత గబగబా మనసులో లెక్కలు చేయించి, దానికి ముందూ తర్వాతా వాళ్ళ చెమట, ఊపిరి నమూనాలు తీసి కుక్కలకు చూపిస్తే, టెన్షన్ పడ్డ నమూనాను అవి నూటికి తొంభైకి పైగా సార్లు సరిగ్గా పట్టాయి. వీధి కుక్కకు మన భయం తెలిసిపోతుందని పెద్దవాళ్ళు అనేది ఉత్తమాట కాదన్నమాట.

తిండిని బట్టి ఒంటి వాసన మారుతుందా? వెల్లుల్లి, మెంతులు, చేపలు అంటారు కదా.

మారుతుంది, ఒక్కోటి ఒక్కో దారిన.

వెల్లుల్లి నోట్లో ఆగదు. దానిలోని గంధకపు పదార్థం ఒకటి రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల గుండా, చర్మం గుండా గంటల తరబడి బయటికొస్తూనే ఉంటుంది. అందుకే పళ్ళు ఎన్నిసార్లు తోముకున్నా పోదు. అయితే చెక్ దేశంలో మగవాళ్ళకి వెల్లుల్లి బాగా పెట్టి, వాళ్ళ చంక వాసనను ఆడవాళ్ళకి చూపిస్తే, తిననప్పటి కన్నా తిన్నప్పటి వాసనే బాగుందన్నారు. ఊపిరి సంగతి వాళ్ళు అడగలేదు లెండి.

మెంతుల్లో సోటోలోన్ అనే పదార్థం ఉంటుంది. బాలింతకు పాలు పడాలని మెంతులు ఎక్కువగా పెడితే చెమటకీ మూత్రానికీ ఒకలాంటి తియ్యటి, పాకం వాసన వస్తుంది. పుట్టుకతో వచ్చే ఒక ప్రమాదకరమైన జబ్బులో పసిబిడ్డ మూత్రం అచ్చం ఇదే వాసన వేస్తుంది. కాన్పుకు ముందు తల్లి మెంతులు తిన్నందువల్ల బిడ్డకు ఆ వాసన వచ్చి, డాక్టర్లు ఆ జబ్బేమోనని కంగారుపడిన సందర్భాలు వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. కాబట్టి ఆస్పత్రిలో అడిగితే మెంతుల సంగతి దాచకండి.

ఇక చేపలు. నెల్లూరులో ఉండి ఈ ముక్క క్లుప్తంగా ముగించడం నావల్ల కాదు. సముద్రపు చేప చచ్చాక దాని ఒంట్లోని ఒక పదార్థం బ్యాక్టీరియా వల్ల విరిగి ట్రైమిథైలమీన్ అవుతుంది, నీచు వాసన అదే. ఇది క్షారం. పులుపు తగిలితే ఉప్పుగా మారిపోయి గాలిలోకి లేవలేదు. చెరువు చేపల్లో వచ్చే మట్టి వాసన వేరు, అది జియోస్మిన్ వల్ల, దాన్ని కూడా పులుపు విరగ్గొడుతుంది. అంటే చేపల పులుసులో చింతపండు, మామిడికాయ రుచికే కాదు, ఇటు సముద్రపు నీచుకీ అటు చెరువు మట్టికీ ఒకే దెబ్బన మందు. చేపలు కడిగిన చేతులకు నిమ్మచెక్క రుద్దుకోవడంలో ఉన్న కిటుకు కూడా ఇదే. ఇంకో విచిత్రం చూడండి. తొలకరి వానకు నేల నుంచి లేచే వాసనలో ముఖ్యమైనది కూడా జియోస్మినే. వాకిట్లో అయితే ఆహా అంటాం, చేప ముక్కలో అయితే ఛీ అంటాం.

అసలు వాసన బాగుందా లేదా అన్నది ముక్కు నిర్ణయిస్తుందా, మనసా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది, అందుకని కాస్త ఓపిక పట్టండి. కుళ్ళిన మాంసం, మలం లాంటి వాటి దగ్గర అసహ్యం కలగడం రోగాలకు దూరంగా ఉంచే ఏర్పాటు, ఇందులో వాదన లేదు. స్వీడన్‌లో కొందరికి రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే సూది మందు ఇచ్చి, కొన్ని గంటల తర్వాత వాళ్ళ చొక్కాలు వాసన చూపిస్తే, మందు పడ్డవాళ్ళ చొక్కాలే బాగాలేవన్నారు. అంటే జబ్బు పైకి కనిపించకముందే ముక్కుకు కొంత అందుతోంది.

కానీ మనిషి ఒంటి వాసన దగ్గరికొచ్చేసరికి ముక్కు ఒక్కటే తీర్పు చెప్పదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2005లో ఒకే వాసనను ఒకసారి చీజ్ అని చెప్పి, ఇంకోసారి ఒంటి కంపు అని చెప్పి చూపించారు. చీజ్ అన్నప్పుడు బాగుందన్నారు, ఒంటి కంపు అన్నప్పుడు మొహం చిట్లించారు. ఆస్ట్రేలియాలో తల్లులకి తమ బిడ్డ మలం, పరాయి బిడ్డ మలం ఉన్న గుడ్డలు, పైకి కనిపించకుండా, వాసన చూపించారు. తమ బిడ్డదే తక్కువ అసహ్యంగా ఉందన్నారు, పేర్లు తారుమారు చేసి చెప్పినా సరే. ఇంకోటి, 2016లో వచ్చింది. ససెక్స్ విశ్వవిద్యాలయం విద్యార్థులకి బాగా చెమట పట్టిన చొక్కా ఇచ్చారు. దాని మీద పక్క విశ్వవిద్యాలయం బొమ్మ ఉందని చూసినప్పుడు కలిగిన అసహ్యం, వీళ్ళంతా మనవాళ్ళే అన్న ఆలోచన కలిగించాక తగ్గిపోయింది. చెమట అదే, చొక్కా అదే.

నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. ఎవరి వాసన అన్నది తెలిశాకే చాలాసార్లు అది కంపవుతుంది. ఎండుచేపల గంపతో బస్సెక్కిన ఆమెను వెనక్కి పో, వెనక్కి పో అని కసిరే పెద్దమనిషి, ఇంటికెళ్ళి వంకాయలో ఎండు రొయ్యలేసిన కూర లొట్టలేసుకుంటూ తింటాడు. వాసన మారలేదు, అది మోస్తున్న మనిషి ఎవరన్నది మారింది. రొయ్యల ఫ్యాక్టరీలో చలికి చేతులు కొంకర్లు పోయేలా పని చేసే ఆడపిల్లల్ని, కాలవలు తీసేవాళ్ళని, తోళ్ళ పని చేసేవాళ్ళని వాసన పేరు చెప్పి దూరం పెట్టడం మన దగ్గర కొత్త కాదు. కులం పేరు బయటికి అనలేని చోట కంపు అన్న మాట ఆ పని చేసి పెడుతుంది. దీనికి సైన్సును సాక్ష్యంగా వాడుకునే హక్కు ఎవరికీ లేదు.

మా ఆయన కువైట్‌లో ఉంటాడు. ఆయన విప్పేసిన చొక్కా ఉతకకుండా దాచుకున్నాను. నాకేమైనా తేడానా?

ఏమీ లేదమ్మా. కెనడాలో 96 మంది ఆడవాళ్ళతో 2018లో ఒక పరిశోధన వచ్చింది. కొందరికి భర్త లేదా ప్రియుడు వేసుకున్న చొక్కా, కొందరికి పరాయి మగాడి చొక్కా, కొందరికి ఎవరూ తొడగని చొక్కా వాసన చూపించి, ఆ తర్వాత టెన్షన్ పెట్టే పని చేయించారు. తమవాడి చొక్కా చూసినవాళ్ళు తక్కువ టెన్షన్ పడ్డారు. పరాయివాడి చొక్కా చూసినవాళ్ళ ఒంట్లో కార్టిసాల్ అనే టెన్షన్ హార్మోన్ పెరిగింది. చొక్కా దాచుకోండి, ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూతి కడితే ఎక్కువ రోజులుంటుంది.

వాసన చూసి జంటను ఎంచుకుంటారట కదా?

ఈ కథ 1995లో స్విట్జర్లాండ్‌లో క్లాజ్ వెడెకిండ్ చేసిన ప్రయోగంతో మొదలైంది. 44 మంది మగవాళ్ళు రెండు రాత్రులు వేసుకున్న టీషర్టులను 49 మంది ఆడవాళ్ళు వాసన చూశారు. రోగనిరోధక జన్యువులు తమకన్నా వేరుగా ఉన్నవాళ్ళ వాసనే ఎక్కువ నచ్చింది, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్ళకి మాత్రం తిరగబడింది. ఎలుకల్లో ఇలాంటిదే ముందే చూశారు. తర్వాత మనుషుల మీద మళ్ళీ చేసినవాటిలో కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. మన పెళ్ళిచూపుల్లో ఎటూ కాఫీ, పకోడీల వాసన తప్ప ఇంకేమీ తగలదు.

నెట్‌లో అమ్మే ఫెరోమోన్ సెంట్లు పనిచేస్తాయా?

చేయవు. ఫెరోమోన్ అంటే ఒక జీవి వదిలితే అదే జాతి జీవి తీరును మార్చే పదార్థం. పట్టుపురుగులో ఆడది వదిలే బాంబికాల్‌ను 1959లో లక్షల పురుగుల నుంచి తీసి నిరూపించారు, ఫెరోమోన్ అన్న పేరు కూడా ఆ ఏడాదే పుట్టింది. మనుషుల్లో అలా నిరూపణ అయినది ఇంతవరకు ఒక్కటీ లేదు. అమ్మేవాళ్ళు ఎక్కువగా చెప్పే ఆండ్రోస్టెనోన్ మగపందికి సంబంధించినది. దాన్ని వాసన చూపిస్తే జన్యువును బట్టి కొందరికి ఉచ్చ కంపు, కొందరికి తియ్యటి వాసన, కొందరికి ఏమీ తెలియదు. డబ్బులు పెట్టి ఆ లాటరీ ఎందుకు?

పసిబిడ్డ తల వాసన చూస్తే అంత హాయిగా ఉంటుందేంది?

2013లో కొత్తగా తల్లులైనవాళ్ళకి, అసలు పిల్లలే లేని ఆడవాళ్ళకి ముక్కూమొహం తెలియని పసిపిల్లల చొక్కాలు వాసన చూపించి మెదడు స్కాన్ చేశారు. ఇద్దరిలోనూ ఆనందానికి సంబంధించిన భాగాలు స్పందించాయి, తల్లుల్లో మరీ ఎక్కువగా. అటునుంచి కూడా అంతే, పుట్టిన కొద్ది రోజులకే బిడ్డ వేరే ఆవిడ పాల గుడ్డను వదిలి తన తల్లి గుడ్డ వైపు తల తిప్పుతుంది. సాంబ్రాణి వేయొద్దని నేననను, ఆ పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదని మాత్రం పిల్లల డాక్టర్లు చెబుతారు.

గొర్రె తన పిల్లను మందలో ఎట్లా గుర్తుపడుతుంది?

ముఖ్యంగా వాసనతో, అందులోనూ పాలిచ్చే దగ్గర. ఈనిన మొదటి గంట రెండు గంటల్లో తల్లి పిల్లను నాకుతూ ఆ వాసనను మనసులో అచ్చు వేసుకుంటుంది. ఆ తర్వాత వేరే పిల్ల పొదుగు దగ్గరికొస్తే పొడిచి తోసేస్తుంది. తల్లి చచ్చిన పిల్లను ఇంకో గొర్రెకు అలవాటు చేయాలంటే, ఇప్పుడే ఈనిన గొర్రె ఉమ్మనీరు ఆ పిల్లకు పూస్తారు. చచ్చిన పిల్ల తోలు తీసి బతికున్న పిల్లకు తొడిగే పద్ధతి కూడా ప్రపంచమంతా కాపరులకు తెలిసినదే. నెల్లూరు జాతి గొర్రెలు కాసేవాళ్ళకి నేను చెప్పేదేముంది, వాళ్ళే నాకు చెప్పాలి.

మేకపోతు అంత కంపు కొడుతుందెందుకు? దానికి సిగ్గులేదా?

సిగ్గా? అది దాని అలంకారం. ఎదకాలంలో మేకపోతు తన గడ్డం మీద, ముందుకాళ్ళ మీద తనే ఉచ్చ పోసుకుంటుంది. దాని తలమీది గ్రంథుల నుంచి కూడా ఘాటైన వాసన వస్తుంది. 2014లో జపాన్ వాళ్ళు ఆ తల వెంట్రుకల నుంచి వచ్చే గాలిని పరీక్షించి, అందులోని ఒక పదార్థం ఆడమేక మెదడులో సంతానోత్పత్తికి సంబంధించిన భాగాన్ని నేరుగా లేపుతుందని చూపించారు. మందలోకి కొత్తగా పోతునో పొట్టేలునో వదిలితే ఆడవన్నీ కొద్ది రోజుల తేడాలో ఎదకొస్తాయని కాపరులు ఎప్పటినుంచో చెప్పేదానికి ఇది కారణం.

ఒంగోలు గిత్త ఆవు ఉచ్చ దగ్గర మూతి పెట్టి, తల పైకెత్తి, పై పెదవి ముడిచి పళ్ళికిలించడం చూసే ఉంటారు. అది నవ్వు కాదు. అంగిట్లో ఉండే జాకబ్సన్ అవయవంలోకి ఆ వాసనను పీల్చుకుంటోంది, ఆవు ఎదలో ఉందో లేదో దానికి అక్కడ తెలుస్తుంది. దున్నపోతు, గుర్రం, పిల్లి కూడా ఇదే చేస్తాయి. పాము నాలుక బయటికీ లోపలికీ ఆడించేది కూడా ఆ అవయవానికి వాసన అందించడానికే. మనుషుల్లో దాని ఆనవాలు మిగిలింది కానీ పని లేదు.

శుభ్రంగా స్నానం చేయించిన కుక్క వెళ్ళి పెంటలో పొర్లుతుంది. పిచ్చా?

మనం పూసిన షాంపూ దానికి కంపు, అంతే తేడా. తోడేళ్ళు కూడా పొర్లుతాయి. వేట దగ్గర తన వాసన దాచుకోడానికన్నారు కొందరు, ఎక్కడ ఏం దొరికిందో గుంపుకు తెలియజేయడానికన్నారు ఇంకొందరు. పెంపకంలో ఉన్న తోడేళ్ళ ముందు రకరకాల వాసనలు పెడితే పెర్ఫ్యూమ్‌లో కూడా పొర్లాయి, కాబట్టి దాచుకోవడం ఒక్కటే కారణమంటే కుదరదు. వాసన దాచుకునే జంతువులు మాత్రం నిజంగా ఉన్నాయి. కాలిఫోర్నియాలో నేల మీద తిరిగే ఉడతలు పాము కుబుసాన్ని నమిలి, ఆ ఎంగిలితో ఒళ్ళంతా నాక్కుంటాయి. బొరియ దగ్గరికొచ్చిన పాముకి ఉడత వాసన బదులు పాము వాసన తగులుతుంది.

మన ఇళ్ళలో తిరిగే చుంచెలుక సంగతి వేరు. దాని పక్కటెముకల దగ్గరుండే గ్రంథుల కంపే దానికి కవచం. పిల్లి దాన్ని చంపుతుంది, తినకుండా గడప దగ్గర వదిలేసి పోతుంది.

పునుగు, కస్తూరి అంటే జంతువుల కంపే కదా, మరి దేవుడికెట్లా వాడతారు?

జంతువు గ్రంథుల నుంచి వచ్చేదే. పునుగు పిల్లి తోక కింద గ్రంథి నుంచి వచ్చే జిడ్డును చెట్లకి, బండలకి రాసి ఇది నా జాగా అని చెప్పుకుంటుంది. కస్తూరి మగ మృగం బొడ్డు దగ్గరి గ్రంథిలో పుడుతుంది. ముద్దగా ఉన్నప్పుడు మలం కంపు, నూనెలో రవ్వంత కలిపితే పరిమళం. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత మూలవిరాట్టుకు పూసేది ఈ పునుగు తైలమే. ఈ రెండింటి వాసనకు కారణమైన అణువుల నిర్మాణాన్ని 1920లలో తేల్చిన రుజిష్కా అనే రసాయన శాస్త్రవేత్తకు 1939లో నోబెల్ వచ్చింది. మోతాదు మారితే తీర్పు మారుతుందనడానికి మల్లెపూలు కూడా సాక్ష్యమే. మలంలో ఉండే ఇండోల్ మల్లెల్లోనూ ఉంది, అది తీసేస్తే మల్లె మల్లెలా ఉండదు.

ఏనుగు మదం మాటకొస్తే, మదజలానికి తుమ్మెదలు ముసురుతున్నాయని మన పాత కావ్యాలు రాస్తే అతిశయోక్తి అనుకున్నాం. పడుచు మగ ఏనుగుల మదం నిజంగానే తేనె వాసన వేస్తుందని, వయసు ముదిరాకే ఘాటు కంపుగా మారుతుందని 2002లో ఎల్. ఇ. ఎల్. రాస్ముసెన్ బృందం తేల్చింది. మన కవులు ముక్కు తెరుచుకునే రాశారు.

ముసలివాళ్ళ వాసన అంటారు, అది ఉందా?

ఉంది. నలభై దాటాక చర్మం మీది కొవ్వు మారి నోనెనాల్ అనే పదార్థం పుడుతుందని 2001లో జపాన్ వాళ్ళు చెప్పారు. అయితే అమెరికాలో 2012లో ఎవరిదో చెప్పకుండా వాసన చూపిస్తే, నడివయసు వాళ్ళ కన్నా ముసలివాళ్ళదే తక్కువ ఘాటుగా, తక్కువ ఇబ్బందిగా ఉందన్నారు. తాతగారి మంచం దగ్గర ముక్కు మూసుకునేవాళ్ళు ఇది చదవాలి.

దోమలు నన్నే కుడతాయి. నా రక్తం తీపా?

రక్తం కాదు, చర్మం. 2022లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం వాళ్ళు మనుషులు చేతికి తొడుక్కున్న నైలాన్ తొడుగులను దోమల ముందు పెట్టి చూశారు. చర్మం మీద కార్బాక్సిలిక్ ఆమ్లాలు ఎక్కువున్నవాళ్ళ వైపే దోమలు పోయాయి, ఏళ్ళు గడిచినా ఆ ఇష్టం మారలేదు. ఆఫ్రికా మలేరియా దోమ పాదాల కంపును ఇష్టపడుతుందని తెలిసి, అదే రకం బ్యాక్టీరియాతో తయారయ్యే లింబర్గర్ చీజ్‌తో దాన్ని ఆకర్షించిన పరిశోధకులకు 2006లో ఇగ్ నోబెల్ (నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) ఇచ్చారు. దోమతెర కట్టుకోండి, వేరే దారి లేదు.

సరే, ఇంతకీ ఏం వాడాలి? డియోడరెంటా, పటికా, అత్తరా?

వీటి పనులు వేరు. అత్తరు, సెంటు కంపును కప్పుతాయి. రొట్టెల పండగ రద్దీలో అత్తరు, చెమట కలిసి తగిలితే కప్పడం ఎంతవరకు పనిచేస్తుందో తెలుస్తుంది. డియోడరెంట్ బ్యాక్టీరియాను తగ్గిస్తుంది. యాంటీపర్‌స్పిరెంట్‌లోని అల్యూమినియం లవణాలు చెమట రంధ్రాలను కొంతసేపు మూస్తాయి, రాత్రి పడుకునే ముందు పొడి చంకకు రాస్తేనే బాగా పనిచేస్తుంది. దీనివల్ల క్యాన్సర్ వస్తుందని ఫార్వర్డ్ అయ్యే మెసేజీలకు రుజువు లేదు. పటిక కూడా అల్యూమినియం లవణమే, చవక, బ్యాక్టీరియాను బాగా తగ్గిస్తుంది, గీరుకున్న చర్మం మీద మాత్రం మండుతుంది. వంటసోడా వద్దు, చర్మం రేగుతుంది. వీటన్నిటికన్నా ముందు చొక్కా రోజూ మార్చండి, నూలు కట్టండి, చంకకు సబ్బు పెట్టి రెండు నిమిషాలు ఉంచి కడగండి.

కంపెనీలు మనకు సిగ్గు నేర్పిన సంగతి కూడా తెలుసుకోండి. 1919లో అమెరికాలో ఒక పత్రికలో వచ్చిన ఓడొరోనో అనే చెమట మందు ప్రకటన, ఆడవాళ్ళకి చంక వాసన వస్తుందని, మొహం మీద ఎవరూ చెప్పరని రాసింది. అవమానంగా ఉందని 200 మంది దాకా ఆ పత్రికకు చందా మానేశారు. ఆ మందు అమ్మకాలు మాత్రం రెట్టింపు దాటాయి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పోవాలి?

అలవాటైన వాసన ఉన్నట్టుండి మారితే. షుగర్ ఉన్న మనిషి ఊపిరి మాగిన పండ్ల వాసనేస్తూ వాంతులు, ఆయాసం ఉంటే వెంటనే ఆస్పత్రికి, తెల్లారేదాకా ఆగొద్దు. ఊపిరి అమోనియా కంపు కొడితే మూత్రపిండాలు చూపించుకోవాలి. ఎంత కడిగినా చేపల నీచు పోకపోతే ట్రైమిథైలమీనూరియా అనే జన్యు లోపం కావచ్చు, ఇది శుభ్రతకు సంబంధించింది కాదు, ఆ మనిషిని తిట్టి లాభం లేదు. స్కాట్లాండులో జాయ్ మిల్న్ అనే నర్సు, భర్తకు పార్కిన్సన్ జబ్బు బయటపడటానికి పదేళ్ళ పైన ముందే అతని వాసన మారిందని గమనించింది. ఆమె ముక్కును ఆధారం చేసుకుని ఇప్పుడు ఆ జబ్బుకు చర్మపు జిడ్డు పరీక్ష తయారు చేస్తున్నారు.

మా ఆఫీసులో ఒకాయన పక్కన కూర్చోలేకపోతున్నాం. ఎట్లా చెప్పాలి?

గ్రూపులో పెట్టకండి, బల్ల మీద స్ప్రే డబ్బా పెట్టి పోకండి, ముక్కు మూసుకుని సైగలు చేసుకోకండి. ఆయనకు తెలియదు, ఆయన ముక్కు ఎప్పుడో అలవాటుపడిపోయింది. దగ్గరి స్నేహితుడొకడు ఒంటరిగా ఉన్నప్పుడు, "అన్నా, ఈ చొక్కా చెమట పట్టేస్తోంది, నూలుది వేసుకో" అని ఒక్క మాట అంటే చాలు. ఆడమనిషైతే ఇంకో ఆడమనిషి చెప్పాలి. చెప్పాక ఆ సంగతి ఇంకెవరి దగ్గరా ఎత్తకండి.